రక్తం చెడిందనుకునే ముందు ముంగిలి చూడండి

ఏటా శ్రావణ, భాద్రపద మాసాలు వచ్చేసరికి వైద్యులకు ఒకే విధమైన మాట వినవస్తుంది. కనురెప్పలు ఉబ్బి, మెడ చుట్టూ చర్మం నల్లబడి, మోచేతి మడతలలో నెత్తురు చిమ్మేటట్లు గోకుకుంటూ వచ్చే నడివయస్కులు అడిగేది ఒక్కటే: "అయ్యా, రక్తం చెడింది. శుద్ధికి ఏదైనా మందు ఇయ్యండి." తుంగభద్ర తీరాన ఒక చిన్న పట్టణంలో ఆయుర్వేద వైద్యం చేస్తున్న నేను ఈ మాటను లెక్కలేనన్ని సార్లు విన్నాను. వచ్చినవారిలో అధికులు అప్పటికే రెండు మూడు రకాల చూర్ణాలు సేవించి, నాలుగైదు రకాల ఆకుల పసర్లు పూసుకొని, వ్యాధి తగ్గకపోగా ముదిరిన తరువాతనే వస్తారు.

నా అభిప్రాయాన్ని ముందుగానే నివేదిస్తాను. ఋతువును అనుసరించి పెద్దలకు కలిగే ఈ చర్మవికారాలలో అనేకం రక్తంలో పుట్టినవి కావు. గాలిలో ఎగిరే పుప్పొడి వలన, ఎండి పొడియైన మొక్కల ధూళి వలన పుట్టినవి. మన ప్రాంతంలో అందుకు ప్రధాన కారణం వయ్యారిభామ అనే కలుపు మొక్క. ఆ మొక్కను గడప ముందు పూయనిచ్చి, ఇంటిలోపల కూర్చొని రక్తశుద్ధికి కషాయం త్రాగడం ఆయుర్వేదం అనిపించుకోదు. అంతకంటే చేదు నిజం మరొకటి ఉన్నది. మనం నమ్మకంగా పూసే కొన్ని పసర్లు ఆ మొక్కకు దాయాదులే.

పుప్పొడి చర్మాన్ని ఎలా బాధిస్తుంది?

పుప్పొడి అనగానే తుమ్ములు, ముక్కు కారడం, ఆయాసం మాత్రమే మనకు స్ఫురిస్తాయి. చర్మం కూడా గాలికి ఎదురుగా నిలిచే అవయవమే అన్న సంగతి మరచిపోతాం. మాంచెస్టర్ నగరానికి చెందిన చార్లెస్ బ్లాక్‌లీ అనే వైద్యుడు తనకు ఏటా వచ్చే పడిశానికి కారణం గడ్డి పుప్పొడేనని నిరూపించదలచి, తన చేతి చర్మాన్ని కొద్దిగా గీరి దానిపై పుప్పొడిని అద్ది చూశాడు. ఆ చోట దద్దురు లేచింది. ఆయన తన పరిశోధనలను 1873లో గ్రంథంగా ప్రకటించాడు. 'అలర్జీ' అన్న మాట పుట్టినది ఆ తరువాతనే. 1906లో వియన్నా వైద్యుడు పిర్కే ఆ పేరు పెట్టాడు. అంటే అలర్జీకి పేరు రాకముందే చర్మం దానికి సాక్ష్యం పలికింది.

ఈ చర్మవికారాలు ముఖ్యంగా రెండు విధాలు. వీటిని వేరుచేసి చూడటం అత్యవసరం.

మొదటిది వెంటనే కలిగేది. పుప్పొడి తగిలిన కొన్ని నిమిషాలలో, లేదా గంట రెండు గంటలలో దద్దుర్లు లేస్తాయి. శరీరంలో హిస్టమిన్ అనే పదార్థం విడుదల కావడమే ఇందుకు కారణం. ఒక్కొక్క దద్దురు సాధారణంగా 24 గంటలలోపల మచ్చ మిగలకుండా అణగిపోతుంది. మరొకచోట కొత్తది లేవవచ్చు. వీటితోపాటు తుమ్ములు, కళ్ళ మంట కూడా ఉండవచ్చు.

రెండవది ఆలస్యంగా కలిగేది. తగిలిన ఒకటి రెండు రోజులకు చర్మం ఎర్రబడి, దురదపెట్టి, చిన్న నీటిపొక్కులు లేచి రసి కారుతుంది. పిదప పొట్టు రాలుతుంది. పదేపదే జరిగితే చర్మం మందమై, గీతలు తేరి, ఏనుగు తోలువలె తయారవుతుంది. దీనిలో హిస్టమిన్ పాత్ర స్వల్పం. రక్తంలోని ఒక జాతి తెల్లకణాలు ఆ మొక్కలోని పదార్థాన్ని గుర్తుపెట్టుకొని, అది తగిలినప్పుడల్లా చర్మం మీద యుద్ధం ప్రకటిస్తాయి. అందుచేతనే దద్దుర్లకు పనిచేసే సెటిరిజైన్ వంటి మాత్రలు ఇక్కడ కొంత నిద్ర పట్టించగలవేమో కాని వ్యాధిని ఆపలేవు. "ఎన్ని మాత్రలు మింగినా లాభం లేదు, ఇది రక్తదోషమే" అన్న భ్రమ జనంలో బలపడటానికి ఇది ఒక కారణమని నా భావన.

అతిథిగా వచ్చి ఇల్లు ఆక్రమించిన మొక్క

వయ్యారిభామను కాంగ్రెస్ గడ్డి అనీ, ఆకులు క్యారెట్ ఆకులను పోలి ఉండటం వలన క్యారెట్ గడ్డి అనీ అంటారు. శాస్త్రీయ నామం పార్థీనియం హిస్టెరోఫోరస్. అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాలు దీని పుట్టిల్లు. మన దేశంలో 1950వ దశకం మధ్యలో పూణే పరిసరాలలో దీనిని గుర్తించారు. అమెరికా నుండి దిగుమతియైన గోధుమలతో విత్తనాలు వచ్చాయని విస్తృతంగా చెబుతారు. 1970వ దశకం నాటికే అక్కడి చర్మవైద్యులు ఈ మొక్క వలన చర్మవ్యాధికి లోనైన అనేకమంది రోగులను పరీక్షించి వైద్య పత్రికలలో నమోదు చేశారు. నేడు రైలు కట్టల వెంట, బీడు భూములలో, ఇళ్ళ మధ్య ఖాళీ స్థలాలలో, పాఠశాలల ఆవరణలలో ఇది కనబడని ఊరు మన ప్రాంతంలో అరుదు.

తొలకరి పడగానే మొలుస్తుంది. నాలుగు నుండి ఆరు వారాలలోనే పూత పట్టగలదు. బాగా ఎదిగిన ఒక్క మొక్క 15,000 నుండి 25,000 వరకు విత్తనాలు రాల్చగలదు. తేమ దొరికితే సంవత్సరంలో మూడు నాలుగు తరాలు గడుస్తాయి. పశువులు సాధారణంగా దీని జోలికి పోవు. దీని ఆకులమీద, కాండం మీద ఉండే సన్నని నూగులోను, పుప్పొడిలోను 'పార్థెనిన్' అనే పదార్థం ఉన్నది. చర్మంతో వైరం పెట్టుకునేది ఇదే. మొక్క ఎండిపోయినంత మాత్రాన దీని శక్తి నశించదు. ఎండిన మొక్క నలిగి ధూళియై గాలిలో తేలుతుంది. కాబట్టి పుప్పొడి కాలం ముగిసినా బాధ ముగియకపోవడంలో వింత లేదు.

మన దేశంలో నమోదైన రోగులలో బాలల కంటే పెద్దలు, స్త్రీల కంటే పురుషులు ఎక్కువ. ఏండ్ల తరబడి పొలాలలో, వీధులలో పనిచేసి, పై బట్ట లేకుండా గాలికి, ఎండకు ఒళ్ళప్పగించే వారికి ఈ పరిచయం అధికంగా ఉండటం ఇందుకు ఒక కారణం కావచ్చు. ఎన్నో సంవత్సరాలు ఈ మొక్కల మధ్య తిరిగినా ఏమీ కానివారికి నలభై, యాభై ఏండ్ల వయస్సులో హఠాత్తుగా వ్యాధి మొదలవుతుంది. "నిన్నటిదాకా పడినది నేడెందుకు పడదు?" అని రోగులు ఆశ్చర్యపడతారు. శరీరం ఈ పదార్థాన్ని శత్రువుగా గుర్తించడానికి ఎంతకాలం పడుతుందో ముందుగా చెప్పలేము. ఒకసారి గుర్తించిన పిమ్మట మాత్రం తేలికగా మరువదు.

గుర్తుపట్టడం ఎలా?

పాఠకులు ఈ క్రింది లక్షణాలను శ్రద్ధగా గమనించగలరు. గాలి ద్వారా వచ్చే ఈ వ్యాధి మొదట కనురెప్పలను, చెవుల వెనుక భాగాన్ని, మెడను, ఛాతీపై చొక్కా గుండీ తెరచి ఉండే చోటును, మోచేతుల మోకాళ్ళ మడతలను ఆశ్రయిస్తుంది. ధూళి, చెమట కలిసి నిలిచే చోట్లు ఇవే.

ఎండ వలన మాత్రమే కలిగే చర్మవికారంలో గడ్డం క్రింది భాగం, చెవి వెనుక, కనురెప్పల మడత సాధారణంగా క్షేమంగా ఉంటాయి. ఎండకు నీడ అడ్డు. ధూళికి నీడ అడ్డు కాదు. కనుక ఈ నీడ పట్టులు కూడా చెడినప్పుడు గాలిని అనుమానించాలి. అయితే వ్యాధి ముదిరినవారిలో కొందరికి కాలక్రమేణా ఎండ కూడా గిట్టకుండా పోతుంది. అప్పుడు రెండూ కలిసి కనిపిస్తాయి.

ఇక కాలం, స్థలం అడగాలి. తొలి సంవత్సరాలలో బాధ ఋతువును పట్టి వస్తుంది, పోతుంది. తరువాత సంవత్సరమంతా నిలుస్తుంది. యాభై ఏండ్లు దాటిన ఒక కౌలు రైతు నా వద్దకు వచ్చినప్పుడు నేను ఆయన నాడి కంటే ముందు దినచర్యను అడిగాను. కూతురి కాన్పుకని నెల రోజులు పట్టణంలో మేడమీది ఇంట్లో ఉన్నప్పుడు మందేమీ వాడకుండానే ముఖం తేటపడిందనీ, ఊరికి తిరిగి వచ్చిన మూడవ నాటికే కళ్ళు వాచాయనీ ఆయన చెప్పాడు. "రక్తం చెడితే మామా, పట్నం పోగానే బాగై, ఊరు రాగానే మళ్ళీ చెడుతుందా?" అని అడిగాను. ఆయన కొంతసేపు ఆలోచించి, "కంది చేను గట్టు నిండా ఆ గడ్డే ఉంది సామీ" అన్నాడు. రోగ నిర్ణయం సగం ఆయన నోటనే జరిగిపోయింది.

మిగిలిన సగం చర్మవైద్య విభాగాలున్న ఆసుపత్రులలో జరుగుతుంది. అనుమానించిన పదార్థాన్ని వీపుమీద అతికించి, 48 గంటల తరువాత తీసి, ఆపై మరొకటి రెండు రోజులకు కూడా పరిశీలించే పరీక్ష ఒకటి ఉన్నది. దానిని ప్యాచ్ పరీక్ష అంటారు. ఆయుర్వేదాన్ని నమ్మేవారు ఈ పరీక్ష చేయించుకోవడానికి సంకోచించనవసరం లేదు. నిదానం తెలుసుకోవడం ఏ వైద్యానికైనా మొదటి మెట్టే. ఇంటిలోనే ఆకు నలిపి చర్మం మీద రుద్ది పరీక్షించుకునే సాహసం మాత్రం చేయరాదు.

మన శాస్త్రం ఏమంటుంది?

ఇక్కడ కొందరు మిత్రులు నాతో విభేదిస్తారు. "చర్మరోగాలలో రక్తం దూష్యమని శాస్త్రమే చెప్పింది గదా, రక్తశుద్ధిని కాదనడం ఏమిటి?" అని వారి ప్రశ్న. ప్రశ్న సమంజసమే. రక్తం దూష్యమే. అయితే దూష్యం వేరు, దూషింపజేసే హేతువు వేరు. బావి నీరు కలుషితమైనప్పుడు నీరు తోడిపోయడం మంచిదే. కాని పైనుండి మురుగు కాలువ పడుతూ ఉంటే ఎన్నాళ్ళు తోడగలం?

చికిత్స అంతటినీ సంక్షేపించి చెప్పవలసి వస్తే అది నిదాన పరివర్జనమే, అనగా రోగ కారణాన్ని విడనాడటమే అని సుశ్రుతుని నిర్ణయం. మాధవకరుడు శీతపిత్తాన్ని వర్ణిస్తూ చల్లగాలి తాకిడితో కఫవాతాలు ప్రకోపించి, పిత్తంతో కూడి చర్మం వెలుపల, లోపల వ్యాపిస్తాయని చెప్పాడు. గాలి తాకిడి అన్న మాటను గమనించండి. జ్వర ప్రకరణంలో ఓషధుల గంధం వలన పుట్టే ఆగంతు జ్వరాన్ని పేర్కొని, దానిలో మూర్ఛ, తలనొప్పి, వాంతి, తుమ్ములు ఉంటాయని చెప్పారు. పుప్పొడి అలర్జీని పూర్వులు నేటి అర్థంలో ఎరుగుదురని నేను వాదించను. అట్లా వాదించడం వారికి గౌరవం కాదు. పైగా వయ్యారిభామ వారు చూసిన మొక్కే కాదు. కాని మొక్కనుండి వెలువడినది గాలిద్వారా వచ్చి మనిషిని రోగగ్రస్తుని చేయగలదని వారు గ్రహించారు. మనం ఆ గ్రహింపును వదలి, రక్తశుద్ధి చూర్ణాన్ని మాత్రం పట్టుకొన్నాం.

చరక సంహిత విమానస్థానంలో జనపదోద్ధ్వంసనీయం అనే అధ్యాయం ఉన్నది. గాలి, నీరు, దేశం, కాలం అనే నాలుగూ చెడినప్పుడు వేర్వేరు ప్రకృతులు గల జనులందరూ ఒకేసారి రోగాల పాలవుతారని అది చెబుతుంది. వాతప్రకృతి వానికి, పిత్తప్రకృతి వానికి ఒకే గట్టుమీద ఒకే వ్యాధి వస్తున్నప్పుడు వైద్యుడు ఆ గట్టు వంక చూడాలని దీని తాత్పర్యంగా నేను గ్రహిస్తున్నాను.

గృహవైద్యంలో మేలు, కీడు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. వయ్యారిభామ ఏ కుటుంబానికి చెందినదో ఆ కుటుంబంలోనే చామంతి, బంతి, పొద్దుతిరుగుడు, గుంటగలగర, గడ్డిచామంతి, మాచిపత్రి, దవనం, మరులమాతంగి మొదలైనవి ఉన్నాయి. వీటిలో పలువాటిలో పార్థెనిన్‌ను పోలిన పదార్థాలు ఉంటాయి. వయ్యారిభామ పడని వారిలో కొందరికి ఈ బంధువులు కూడా పడవు. మరులమాతంగి, చామంతి విషయంలో ఇది పరీక్షలలో కనబడిన సంగతి. అందరికీ అన్నీ పడవని నా ఉద్దేశం కాదు. గుంటగలగర మనకు భృంగరాజం, కేశ్యాలలో శ్రేష్ఠం. గడ్డిచామంతి పసరు పొలంలో తెగిన గాయానికి వెంటనే దొరికే మందు. వీటి గుణాన్ని నేను తక్కువ చేయను. కాని గాలివాటు చర్మవ్యాధితో ఒళ్ళు మండుతున్న మనిషి మెడకు, కనురెప్పలకు ఈ పసర్లు పూయడం మండే గడ్డివామిపై ఎండుగడ్డి వేసినట్లే కావచ్చు. "ప్రకృతి సిద్ధమైనది, హాని చేయదు" అన్న మాట మన పత్రికలలో తరచుగా కనిపిస్తుంది. వయ్యారిభామ కూడా ప్రకృతి సిద్ధమైనదే గదా! లోకంలో ఔషధం కాని ద్రవ్యం లేదని చెప్పిన చరకుడు, యుక్తిని, ప్రయోజనాన్ని అనుసరించి వాడినప్పుడే అన్న నియమాన్ని కూడా చెప్పాడు. మనం మొదటి సగాన్నే కంఠస్థం చేశాం.

వినాయక చవితి పత్రి విషయంలో మరీ జాగ్రత్త వహించాలి. మాచిపత్రి ఆకును, వయ్యారిభామ ఆకును పక్కపక్కన పెడితే తెలియనివారు పోల్చుకోలేరు. సంతలో అమ్మే పత్రి కట్టలలో మాచిపత్రికి బదులు వయ్యారిభామ చేరి ఉండటం నేను స్వయంగా చూశాను. పూజ చేసిన చేతులతోనే కళ్ళు తుడుచుకుంటాం. నలిపితే మాచిపత్రి సువాసన వస్తుందని వాసన చూసి గుర్తుపట్టే ప్రయత్నం కూడా ఈ వ్యాధి ఉన్నవారు చేయకూడదు. దొరకని పత్రికి బదులు అక్షతలు సమర్పించడం మన సంప్రదాయంలో ఉన్నదే.

నల్లజీడి రసం, జిల్లేడు పాలు, వెల్లుల్లి ముద్ద వంటివి చర్మాన్ని కాల్చే స్వభావం కలవి. పగిలిన చర్మానికి వీటిని ఎన్నడూ తాకించకూడదు. వేపాకు ముద్ద, పచ్చి పసుపు కూడా రసికారే చర్మం మీద మందంగా పట్టించి ఎండనిస్తే మంట పెంచవచ్చు.

మరి గృహవైద్యంలో మిగిలేది ఏమిటి? అనుభవంలో నిలిచినవి, హాని తక్కువైనవి చెబుతాను.

బయటి పని ముగించి ఇంటికి రాగానే ముఖం, మెడ, చేతులు చల్లని నీటితో కడగాలి. వీలైతే తలస్నానం చేయాలి. జుట్టులో చిక్కిన పుప్పొడి రాత్రి దిండుమీదికి, అక్కడినుండి కనురెప్పలకు చేరుతుంది. పొలం బట్టలు ఇంటి మధ్యలో విప్పరాదు. ఉతికిన బట్టలను ఆ గడ్డి పూసే కాలంలో ఆరుబయట కంటే వసారాలో ఆరవేయడం మేలు.

దురద హెచ్చినప్పుడు గోళ్ళకు బదులు చల్లని నీటిలో తడిపి పిండిన మెత్తని నూలు గుడ్డను పది నిమిషాలు వేయాలి. రసి కారుతున్నప్పుడు త్రిఫల కషాయాన్ని వడగట్టి, పూర్తిగా చల్లార్చి ఆ గుడ్డను దానిలో తడపవచ్చు. రసి ఆగి చర్మం ఎండినప్పుడు ఘాటైన సబ్బులు మాని, స్నానం చేసిన వెంటనే, తడి పూర్తిగా ఆరకముందే వాసనలు కలపని స్వచ్ఛమైన కొబ్బరినూనె పలుచగా రాయాలి. శతధౌత ఘృతం, అనగా నెయ్యిని చల్లని నీటితో నూరుమార్లు కడిగి తయారుచేసిన వెన్నవంటి లేపనం, మంటను శమింపజేయడంలో నాకు ఎంతో తోడ్పడింది. ఏ లేపనమైనా ముందు ముంజేతి లోపలివైపు రూపాయి బిళ్ళంత చోట రెండు రోజులు వాడి, ఏమీ కాకపోతేనే తక్కిన చోట్లకు వాడాలి.

ఇవన్నీ ఉపశమనాలు. కారణం తొలగనిదే ఇవి వ్యాధిని నయం చేయవు. పెదవులు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్ళు తిరిగినా ఇంటి వైద్యం కోసం ఒక్క నిమిషం కూడా ఆగకుండా ఆసుపత్రికి చేరాలి. చర్మం చీము పట్టినా, ఒళ్ళంతా ఎర్రబడి పొట్టు రాలుతూ చలి పుట్టినా అంతే. ముదిరిన వ్యాధికి అజాథయోప్రిన్ వంటి బలమైన మందులను చర్మవైద్యులు రక్తపరీక్షలు చేస్తూ వాడతారు. వాటిని వాడుతున్నవారు ఎవరి మాటో విని హఠాత్తుగా మానివేయరాదు.

మరొక హెచ్చరిక. పేరు, లైసెన్సు సంఖ్య లేని పొట్లాలలో 'అలర్జీ పొడి' ఇచ్చేవారు ఉన్నారు. రెండు మోతాదులకే అద్భుతంగా గుణమిచ్చి, మానగానే రెట్టింపుగా తిరగబెట్టే పొడిలో స్టిరాయిడ్ కలిసి ఉండే అవకాశం ఉన్నది. ముఖం గుండ్రబడటం, మధుమేహం, ఎముకలు గుల్లబారడం దానికి మూల్యం. ఆయుర్వేదం పేరుతో జరిగే ఈ మోసాన్ని మొదట ఖండించవలసినది ఆయుర్వేద వైద్యులమే.

కుష్ఠం అన్న మాట చేసిన కీడు

ఈ వ్యాధి ముదిరినవారి ముఖచర్మం మందమై, నుదుట మడతలు పడి, చెవులు లావెక్కుతాయి. చూసినవారు కుష్ఠురోగమని గుసగుసలాడతారు. మన గ్రంథాలలో కుష్ఠమంటే ఏడు మహాకుష్ఠాలు, పదకొండు క్షుద్రకుష్ఠాలు కలిపి పద్దెనిమిది విధాల చర్మరోగాల సమూహం. వాడుక భాషలో ఆ మాట ఒక్క రోగానికే పరిమితమైంది. వైద్యుడు శాస్త్రార్థంలో పలికిన మాట ఊరి అర్థంలో రోగి ఇంటికి చేరుతుంది. వీధులు ఊడ్చే పని చేసుకునే ఒక తల్లిని ఆ అనుమానంతోనే తోటివారు మంచినీళ్ళ కుండ ముట్టనీయలేదని ఆమె నా వద్ద కంటతడి పెట్టింది. ఈ వ్యాధి ఒకరినుండి ఒకరికి అంటదు. కుష్ఠురోగంలో మచ్చలు స్పర్శ కోల్పోతాయి. దీనిలో స్పర్శ ఉంటుంది, నిద్ర పట్టనివ్వని దురద ఉంటుంది. కుష్ఠురోగానికి కూడా నేడు పూర్తిగా నయం చేసే మందులున్నాయి, వారిని వెలివేయడమూ తప్పే. వైద్యులు రోగి ముందు 'కుష్ఠం' అన్న మాటను అలవోకగా ప్రయోగించకూడదని నా విజ్ఞప్తి.

ఒక్కడు పెరికితే తీరేది కాదు

"నా ముంగిట పెరికాను, పక్క ఖాళీ స్థలంలో నిలువెత్తు ఉన్నది, ఏమి లాభం?" అని అడుగుతారు. నిజమే. పుప్పొడికి, ధూళికి ప్రహరీ గోడ తెలియదు. ఇంటింటి వైద్యం ఇక్కడ చాలదు, ఊరి వైద్యం కావాలి.

పెరకవలసిన సమయం పూత రాకముందు. తొలకరి తరువాత నేల మెత్తగా ఉన్నప్పుడు వేరుతో సహా సులభంగా వస్తుంది. చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా, ముక్కుకు నోటికి గుడ్డ తప్పనిసరి. ఇదివరకే ఈ వ్యాధి ఉన్నవారు ఈ పనికి పూనుకోకూడదు. వారి వాటా పని ఇరుగుపొరుగు చేయాలి. పూత రాని మొక్కలను గుంతలో వేసి ఎరువు చేయవచ్చు. పూసిన మొక్కలను వాకిట పోగువేసి ఎండబెట్టడం, తగులబెట్టడం పనికిరావు. ఆ పొగ, ధూళి వాకిటివారికే చేరతాయి.

1984లో బెంగుళూరు ప్రాంతంలో ఈ మొక్క ఆకులను తినే మెక్సికో పెంకు పురుగును విడుదల చేశారు. వానకాలంలో అది కొంత మేలు చేస్తుంది గాని పూర్తిగా దానిమీదే ఆధారపడలేము. జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన సంస్థ ప్రోత్సాహంతో ఏటా ఆగస్టు 16 నుండి 22 వరకు పార్థీనియం అవగాహన వారోత్సవం జరుగుతుంది. కాని మన నేలలో తొలకరి మొక్క ఆగస్టు నాటికే పూతకు వస్తుంది. మృగశిర కార్తె దాటిన మూడవ వారానికే మన ఊళ్ళలో పని మొదలు కావాలని నా సూచన.

పెరికిన చోటును ఖాళీగా వదిలితే మళ్ళీ అదే మొలుస్తుంది. అక్కడ తగిరిస విత్తనాలు చల్లమని కలుపు శాస్త్రజ్ఞులు సూచిస్తున్నారు. తగిరిస దట్టంగా పెరిగి వయ్యారిభామను అణచివేస్తుంది. ఈ తగిరిస మరేదో కాదు, మన చక్రమర్దమే. దద్రువును, అనగా తామరను పోగొట్టేది గనుక దీనికి దద్రుఘ్నం అని కూడా పేరు. ఇన్నాళ్ళూ దాని గింజలను నూరి చర్మానికి పూశాం. ఇప్పుడు దానిని ఊరి ఖాళీ నేలలకు పూయవలసిన అవసరం వచ్చింది. లేత ఆకు కూర వండుకునే వారికి అది అదనపు లాభం.

పంచాయతీలు, పురపాలక సంఘాలు పందుల బెడదను, దోమల బెడదను ఆరోగ్య సమస్యలుగా గుర్తించాయి. ఈ గడ్డిని మాత్రం ఇంకా శోభకు సంబంధించిన విషయంగానే చూస్తున్నాయి. మంత్రులు వచ్చే దారిలో కోసి, మిగిలిన చోట్ల వదిలేస్తారు. అదీ పూత వచ్చిన తరువాత, తొడుగులు లేని కూలీల చేత కోయిస్తారు. కోయించే అధికారికి రోగం రాదు, కోసే కూలీకి వస్తుంది. ఖాళీ స్థలం యజమానిపై బాధ్యత పెట్టడం, కూలీలకు తొడుగులు ఇవ్వడం, పూతకు ముందే తొలగించడం అనే మూడు పనులు జరిగితే రక్తశుద్ధి మందుల అమ్మకం మన ఊళ్ళలో చాలావరకు పడిపోతుందని నా నమ్మకం. వైద్యుడిగా ఆ నష్టాన్ని నేను సంతోషంగా భరిస్తాను.

పాఠకులకు నా మనవి ఇంతే. ఏటా అదే కాలంలో, అదే చోట చర్మం చెడుతూ ఉంటే మందు పేరు అడిగే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఏ నెలలో మొదలైంది? ఏ చోట హెచ్చుతుంది? ఊరు విడిచినప్పుడు తగ్గిందా? ఇంటి చుట్టూ నూరడుగుల లోపల ఏమి పూస్తున్నది? ఈ నాలుగింటికీ జవాబులు వ్రాసుకొని మీ వైద్యుని వద్దకు వెళ్ళండి. ఆయన ఏ పద్ధతి వైద్యుడైనా సరే, ఆ కాగితం మీరు ఇదివరకు తాగిన కషాయాలన్నిటికంటే ఎక్కువ మేలు చేస్తుంది.